కరివేపాకూ బత్తాయీ చుట్టాలే

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బత్తాయి తోటలో వృక్షశాస్త్రం మొదలుపెట్టాలంటే ఒక ఆకు తెంపితే చాలు. వెలుగుకు పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు చుక్కలు. అవి నూనె గ్రంథులు. పెరటి కరివేపాకులో, గుడి దగ్గరి మారేడులో, గట్టు మీది వెలగలో కూడా అవే. అన్నీ రూటేసీ కుటుంబమే. నిమ్మాకు తినే సీతాకోకచిలుక గొంగళిపురుగు కరివేపాకు మీదా కనిపించేది అందుకే.

పేర్ల దగ్గరే తికమక. నల్లగొండ బత్తాయిని రాయలసీమలో చీనీ అంటారు. శాస్త్రమూ అదే మాట చెబుతుంది, సిట్రస్ సైనెన్సిస్ అంటే చైనాది అనే అర్థం. 1753లో లిన్నేయస్ దీన్ని నారింజలో ఒక రకంగానే రాశాడు. 1765లో ఆయన శిష్యుడు ఓస్బెక్ విడి జాతిగా చేశాడు. పుట్టుకలో మాత్రం పంపర పనస, కమలా రెండూ ఉన్నాయి.

పేర్ల తికమక అంటు దగ్గరా ఉంది. బత్తాయి అంటుకు అడుగు మొక్కగా వాడే రంగపూర్ నిమ్మ అసలు నిమ్మే కాదు, కమలా మాదీఫలాల సంకరం.

అంటు కింద లేచిన చిగురు ఈ అడుగు మొక్కదేనని తెలిసిన రైతు దాన్ని వెంటనే తీసేస్తాడు. అది పెరిగినా బత్తాయి కాయదు.

ఇక తొన విప్పితే ఇంకో అద్భుతం! ఆ రసపు ముత్యాలన్నీ కాయ లోపలి పొర మీద మొలిచి, రసంతో ఉబ్బిన నూగే.