రోళ్లవాగు గట్టు నుంచి

జగిత్యాల నుంచి సారంగాపూర్ దాటి బీర్పూర్ చేరాను. ఇక్కడి పొలాలు రోళ్లవాగు నీటిని నమ్ముకున్నవి. 2016లో మండల కేంద్రమైనా, పైచదువుల కోసం కుటుంబాలు జగిత్యాలకో, హైదరాబాదుకో తరలుతూనే ఉన్నాయి. తల్లిదండ్రులను తప్పుపట్టలేము. కాని కొత్తగా వచ్చినవారికి నగరం చూపే చోటు శివార్లే. అక్కడ కాలనీ లేచేదీ, బడి వెలిసేదీ తరచు చెరువు శిఖంలోనే!

1908 మూసీ వరద తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు 1996లో 111వ ఉత్తర్వు వెలువడింది. అది చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దు గీసింది. 2022లో మరో ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది.

గట్టు మీద నీళ్లలోకి రాళ్లు విసురుతున్న పిల్లవాణ్ణి ఏ బడి అని అడిగాను.

“వచ్చే ఏడు హైదరాబాదు,” అన్నాడు, మరో రాయి వెతుక్కుంటూ.