ఇన్వరూరీ బడిలో ఇంటిమాట

జనవరి ఆఖరి వారంలో స్కాట్లండ్‌లో ఏ ప్రాథమిక బడికి వెళ్లినా పద్యాలు వినిపిస్తాయి. 25వ తేదీ రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు. 1759లో ఎయిర్‌షైర్‌లోని అల్లొవేలో పుట్టి, పొలం దున్నుకుంటూ స్కాట్స్ భాషలో కవిత్వం రాసి, ముప్పై ఏడేళ్లకే కన్నుమూసిన ఆయన్ను తలచుకుంటూ దేశమంతా విందులు చేసుకుంటుంది. బడిపిల్లలు క్రిస్మస్ సెలవుల నుంచి తిరిగి రాగానే తలా ఒక పద్యం కంఠతా పట్టడం మొదలుపెడతారు.

నేను చూసిన బడి ఇన్వరూరీలో ఉంది. అబర్డీన్ నుంచి రైల్లో అరగంట లోపే. మా అక్క కూతురు అబర్డీన్ ఆసుపత్రిలో పనిచేస్తూ ఆ ఊళ్లో కాపురముంటోంది. దాని కూతురు అక్కడి లెక్కలో పీ-సిక్స్, అంటే ప్రాథమిక బడిలో ఆరో తరగతి, పదేళ్ల పిల్ల. స్కాట్స్ భాషా సంబరానికి ఇళ్లలోని పెద్దవాళ్లు కూడా రావచ్చని బడి నుంచి కబురొచ్చింది. "మామయ్యా, నువ్వు రాకపోతే అది నన్ను బతకనివ్వదు" అంది మేనకోడలు. అప్పుడే తెల్లారిన తొమ్మిది గంటల వెలుతురులో, దూరాన బెన్నహీ కొండ మీద మంచు చూసుకుంటూ నడిచి వెళ్లాం.

బయటి దేశాల వాళ్లకు స్కాట్లండ్ భాష అనగానే గేలిక్ గుర్తొస్తుంది. అది కెల్టిక్ కుటుంబానిది. స్కాట్స్ వేరు. ఇంగ్లీషుతో పాటు ఒకే పాత ఇంగ్లీషు వేరులోంచి మొలిచి, తన దారిన తాను పెరిగిన భాష ఇది. పదిహేను, పదహారు శతాబ్దాల్లో రాజుల కొలువులో, పార్లమెంటు శాసనాల్లో వాడింది దీన్నే. 1603లో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం ఎక్కి లండన్ వెళ్లిపోయాడు. 1707లో రెండు దేశాల పార్లమెంట్లు ఒకటయ్యాయి. గుడిలో బైబిలు ఎలాగూ ఇంగ్లీషుదే. అలా అధికారపు చోట్లన్నిటా ఇంగ్లీషు కూర్చుంది. స్కాట్స్ మాత్రం వంటింట్లో, పొలంలో, పడవల మీద, పాటల్లో బతికింది.

ఇన్వరూరీ చుట్టుపక్కల వినిపించే స్కాట్స్‌ను డోరిక్ అంటారు. ఈశాన్య స్కాట్లండ్ మాట అది. మిగతా చోట్ల 'వ' పలికే ప్రశ్నపదాల్లో వీళ్లు 'ఫ' పలుకుతారు. "ఎలా ఉన్నావ్" అనడానికి "ఫిట్ లైక్" అంటారు. మగపిల్లాడు లూన్, ఆడపిల్ల క్వైన్. గుమ్మంలో సంతకం పెట్టించుకుని మెడలో బ్యాడ్జి వేసిన ఆఫీసావిడ నన్ను "ఫిట్ లైక్" అనే పలకరించింది. సంబరం కోసం నేర్చుకున్న పలకరింపు కాదు, ఆవిడకది రోజువారీ మాట.

హాలు గోడ నిండా పిల్లలు రాసిన కాగితాలు. మధ్యలో స్కాట్లండ్ పటం. ఏ ఇంట్లో ఏ మాట అంటారో పిల్లలు అడిగి తెచ్చి అంటించారు. ఈ ఊరి వాళ్ల కాగితాల మీద చంటిపిల్లలకు "బేర్న్" అని ఉంది. గ్లాస్గో నుంచి వచ్చిన ఇంటి కాగితం మీద "వేన్" అని ఉంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, దేన్నీ ఎర్రసిరాతో కొట్టేయలేదు. స్కాట్స్‌కు అందరూ ఒప్పుకున్న ఒకే వర్ణక్రమం లేదు. మరి దిద్దడం ఎలాగని ఒక టీచరును అడిగాను. ఒక పిల్ల ఒక కథలో ఒక మాటను మొదట ఎలా రాసిందో చివరిదాకా అలాగే రాస్తే చాలు, ఇంట్లో వినిపించే ఉచ్చారణ అక్షరాల్లో కనిపిస్తే ఇంకా మంచిది అన్నారామె.

లైబ్రరీ మూల ఒక అర నిండా స్కాట్స్ పుస్తకాలు. 2002లో మాథ్యూ ఫిట్, జేమ్స్ రాబర్ట్‌సన్ మొదలుపెట్టిన ఇచీ కూ ప్రచురణలే ఎక్కువ. 2017లో ఫిట్ స్కాట్స్‌లోకి తెచ్చిన హ్యారీ పోటర్ మొదటి పుస్తకం అట్టలు చిరిగి, టేపు వేసి ఉంది. చిన్నపిల్లలకు గ్రఫలో కథ, షీనా బ్లాక్‌హాల్ చేసిన డోరిక్ రూపంలో. ఒక్క బర్న్స్‌తోనే సరిపెట్టి ఉంటే ఈ భాష రెండు వందల ఏళ్ల నాటిదని పిల్లలు అనుకునేవారు. మంత్రాల బడి కథ కూడా ఇదే భాషలో చెప్పొచ్చని ఇక్కడ వాళ్లకు తెలుసు.

హాల్లో కార్యక్రమానికి ఇంకా టైముందని హెడ్ టీచరు నన్ను పీ-ఫోర్ గదిలోకి తీసుకెళ్లారు. నేను చూసిన వాటన్నిటిలో నాకు ముఖ్యమైనది ఆ గదే. అక్కడ సంబరమేమీ లేదు, లెక్కల పాఠం నడుస్తోంది. ఓట్స్ పిండి తూచి రొట్టెలకు కొలతలు వేస్తున్నారు. ఒక కుర్రాడు చెయ్యెత్తి "ఫూ మకిల్, మిస్?" అన్నాడు, ఎంత వెయ్యాలి అని. టీచరు అదే యాసలో, అదే వేగంతో జవాబు చెప్పి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఎవరూ తల తిప్పలేదు. ఇంట్లో అడిగినట్టే బడిలో ప్రశ్న అడిగి, అదే మాటల్లో జవాబు అందుకున్నాడా పిల్లాడు. వేదిక మీద పద్యం చదివించడం ఏ బడికైనా తేలికే. ప్రశ్న అడగడానికి ముందు మనసులో భాష మార్చుకోవాల్సిన అవసరం లేకుండా చేయడమే కష్టం.

పద్యాల పోటీ గంటసేపు సాగింది. చిన్నవాళ్లు కప్పల మీద, ఎలుకల మీద చెప్పారు. మా పిల్ల బర్న్స్ ఎలుక పద్యం ఎత్తుకుంది. నాగటిచాలులో గూడు కూలిపోయిన ఎలుకకు రైతు క్షమాపణ చెప్పుకునే పద్యం, 1785 నాటిది. ఇంట్లో నాతో తెలుగు, బడిలో స్నేహితులతో డోరిక్, పాఠంలో ఇంగ్లీషు మాట్లాడే పిల్ల అది. నాగలి పేరు వచ్చిన చోట ఎడ్లను అదిలిస్తున్నట్టు చెయ్యి ఊపింది. ఆ ఊపు మా ఊళ్లో నేర్చుకున్నదే, స్కాట్లండ్‌ది కాదు.

పీ-సెవన్ కుర్రాడొకడు చార్ల్స్ మరీ రాసిన 'ది విజిల్' చెప్పాడు. మరీ ఈ ప్రాంతం వాడే. 1864లో అల్ఫర్డ్‌లో పుట్టి, ఇంజనీరుగా దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడ ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉంటూ కూడా సొంత ఊరి మాటలోనే రాశాడు. ఆ పద్యంలో పశువులు కాసే ఒక చిన్న కుర్రాడు కొమ్మ చెక్కి ఈల చేసుకుంటాడు. వేసవంతా వాయిస్తాడు, ఊరంతా ఆడుతుంది. చలికాలం బడిలో వేస్తారు. అక్కడ మాస్టారు ఆ ఈలను కాల్చేస్తాడు. బడి చేసిన ఆ పని బడి వేదిక మీదే వినిపిస్తుంటే ముందు వరసలో ఉన్న ముసలివాళ్లు కదలకుండా విన్నారు.

వాళ్లలో ఒకాయన డెబ్భై ఐదు దాటిన రైతు. టీ కప్పు పట్టుకుని, "ఫ్లై కప్" అంటారిక్కడ, నా పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు క్లాసులో ఇంటి మాటలో జవాబు చెప్పినందుకు అరచేతుల మీద తోలుపట్టీతో కొట్టించుకున్నాడట. ఇంటికెళ్లి చెబితే, బడిలో సరిగ్గా మాట్లాడమని అమ్మ కూడా మందలించింది. ఆ పట్టీని స్కాట్లండ్‌లో టాజ్ అంటారు. ప్రభుత్వ బళ్లలో 1987లో దాన్ని నిషేధించే చట్టం అమల్లోకి వచ్చేదాకా అది మాస్టార్ల సొరుగుల్లో ఉండేది. 1946లో ప్రాథమిక విద్య మీద స్కాట్లండ్ విద్యాశాఖ సలహా మండలి ఇచ్చిన నివేదిక, స్కాట్స్ ఎక్కడా చదువుకున్నవాళ్ల భాష కాదని తేల్చేసింది. ఆ ఒక్క వాక్యం కింద ఎన్ని తరాల పిల్లలు నోరు మూసుకున్నారో ఆ రైతు పక్కన కూర్చుంటే తెలిసింది. నేను శ్రీకాకుళం వాణ్ణి. మా యాసను క్లాసులో నవ్వులాటకు వాడుకోవడం ఎరిగినవాణ్ణి. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని బళ్లు పెట్టి, పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మా జిల్లాలోనే. ఆయన్ను ఆ పూట చాలాసేపు తలచుకున్నాను.

ఇప్పుడు కాలం మారింది. 2011 జనాభా లెక్కల్లో తొలిసారి స్కాట్స్ గురించి ప్రశ్న అడిగారు. 2022 లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ మాట్లాడడం వచ్చని చెప్పారు. దేశ జనాభా 54 లక్షలే. 2025లో స్కాట్లండ్ పార్లమెంటు గేలిక్‌కూ స్కాట్స్‌కూ అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది. బళ్లలో మూడో భాషగా దీన్ని ఎంచుకునే వీలుంది. పెద్ద బడికి వెళ్లాక స్కాట్స్ భాషకు ప్రత్యేక సర్టిఫికెట్టు కోర్సూ ఉంది.

మధ్యాహ్నం హ్యాగిస్ భోజనం. గొర్రె గుండె, కాలేయం, ఓట్స్, ఉల్లి, మిరియం. పక్కన ముద్ద చేసిన టర్నిప్పులు, బంగాళదుంపలు. బ్యాగ్‌పైపు వెంట పళ్లెం ఊరేగింపుగా వచ్చింది. కూరగాయలతో చేసింది కూడా ఉంది, నేను అదే తిన్నాను, బాగుంది. తర్వాత జంటల నృత్యం.

వెళ్లే ముందు హెడ్ టీచరును సూటిగానే అడిగాను, ఫిబ్రవరిలో ఏం జరుగుతుందని. జనవరిలో టార్టాన్ గళ్ల బట్ట కట్టి, ఆ నెల పోగానే మడిచి పెట్టేస్తే ఈ భాషకు మిగిలేది వేడుక ఒక్కటే. ఆమె నొచ్చుకోలేదు. ఉపాధ్యాయుల్లో సగం మంది ఈ ప్రాంతం వాళ్లు కారని, వాళ్లకు డోరిక్ అర్థమైనా నోట రాదని, అదే తమకు అసలు ఇబ్బందని చెప్పారు. అందుకే మాట వచ్చినవాళ్లను బయటి నుంచి పిలుస్తున్నారు. నా పక్కన కూర్చున్న రైతు ప్రతి గురువారం పీ-సెవన్‌కు రావడానికి ఒప్పుకున్నాడు. పొలం పనిముట్ల పేర్లు, పశువుల పేర్లు చెబుతాడు, పిల్లలు రికార్డు చేసి రాసుకుంటారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. పనిముట్లు బొమ్మల్లో చూపించకూడదు, తన కొట్టంలోవి ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని తెస్తాడు, టర్నిప్పులు ముక్కలు చేసే పాత ఇనప యంత్రంతో సహా. దాన్ని బడి ఆవరణలో ఎక్కడ దించాలన్న దాని మీద ఆయనా, బడి వాచ్‌మనూ అప్పటికే డోరిక్‌లో గట్టిగా వాదించుకుంటున్నారు.