నిద్రపోతే ఓడిపోయే ఆట

మీ ఇంట్లో ఇంటర్మీడియట్ వయసు పిల్లవాడు ఉండి, అర్ధరాత్రి దాటాక కూడా అతని గది తలుపు సందులోంచి వెలుగు కనబడుతూంటే, ఈ వ్యాసం ముఖ్యంగా మీ కోసమే.

ఆ వెలుగు వెనుక ఏ ఆటైనా ఉండవచ్చు. నేను చెప్పబోయేది ‘ఆర్క్: సర్వైవల్ ఇవాల్వ్డ్’ గురించి. స్టూడియో వైల్డ్‌కార్డ్ అనే అమెరికా సంస్థ దీనిని 2015లో అసంపూర్ణ రూపంలోనూ, 2017లో పూర్తి రూపంలోనూ విడుదల చేసింది. మా మనవడు ఇంటర్ రెండవ సంవత్సరంలో ఉండగా ఈ ఆటలో పడ్డాడు. కొన్ని వారాలకే ఉదయపు తలనొప్పి, క్లాసులో కునుకు, చీటికిమాటికి చిరాకు మొదలయ్యాయి. రక్తపరీక్షలు చేయిస్తే రక్తహీనత లేదు, థైరాయిడ్ సక్రమంగా ఉంది. కంటి వైద్యుడు కళ్ళద్దాలు మార్చనక్కరలేదన్నాడు. “మామయ్యగారూ, వాడు రాత్రి ఎప్పుడు పడుకుంటున్నాడో మీరే కనుక్కోండి” అంది మా కోడలు.

వృత్తిలో ఉన్న రోజుల్లో రోగి ఏమి తింటున్నాడో అడగకుండా నేను మందు వ్రాయలేదు. అందుచేత ఆ ఆట ఏమిటో నాకూ నేర్పమని వాడినే అడిగాను. మూడు వారాల పాటు రాత్రి భోజనం తరువాత ఒక గంట వాడి ప్రక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తాత శిష్యుడైనందుకు వాడికి పట్టలేని సంతోషం.

ఆట ఇలా మొదలవుతుంది. ఒంటిమీద గోచీ తప్ప ఏమీ లేని మనిషి ఒక ద్వీపపు ఒడ్డున కళ్ళు తెరుస్తాడు. చుట్టూ డైనోసార్లు. చెట్టును పిడికిలితో గుద్ది కర్ర సంపాదించాలి, రాళ్ళు ఏరుకోవాలి, నిప్పు రాజేసుకోవాలి. తెర అంచున అతని శరీర స్థితిని తెలిపే గుర్తులుంటాయి: ప్రాణశక్తి, అలసట, ఆకలి, దాహం. నీట మునిగితే ప్రాణవాయువు తరుగుతుంది. చలికి వణుకుతాడు, ఎండకు సొమ్మసిల్లుతాడు. ఒక వైద్యుడిగా ఆ లెక్కలు చూసి ముచ్చటపడ్డాను. జంతువును మచ్చిక చేసే పద్ధతి మరీ విచిత్రం. మత్తు బాణాలతో దానిని స్పృహ తప్పించి, తెలివి రాకుండా ఎప్పటికప్పుడు మత్తుమందు పడుతూ, మేత పెడుతూ కాపలా కాయాలి. ఆ మత్తుమందును ఒక రకం పండ్లతోనూ, కుళ్ళిన మాంసంతోనూ తయారుచేస్తారు! మా ఆసుపత్రిలో మత్తు వైద్యుడు ఆపరేషన్ బల్ల తలాపున కూర్చుని చేసే పని కూడా ఇంచుమించు ఇదే. దినుసులు మాత్రం వేరు.

ఇన్ని అవసరాలు లెక్కపెట్టిన ఆటలో నిద్ర అనే గుర్తు మాత్రం లేదు. ఆ మనిషికి నిద్ర అవసరమే లేదు. మీరు కంప్యూటర్ కట్టేసి వెళ్ళిపోయినప్పుడే అతడు నిద్రపోతాడు. ఇతరులతో పోటీపడే సర్వర్లలో మీరు వెళ్ళిపోయినా అతని శరీరం అక్కడే పడి ఉంటుంది. ఎవరైనా వచ్చి చంపవచ్చు, దోచుకోవచ్చు. మీరు కట్టిన కోటను బద్దలుకొట్టవచ్చు. గడ్డి గోడ కంటే కర్ర గోడ, కర్ర కంటే రాయి, రాయి కంటే లోహం గట్టివే గాని, చాలినంత పేలుడు సామగ్రి ఉన్నవాడిని ఏదీ ఆపలేదు. కనుక చాకచక్యం గలవాడు ఎదుటివాడు మేలుకుని ఉన్నప్పుడు వచ్చి పోరాడడు. నిద్రపోయే వేళ కనిపెట్టి వస్తాడు. మన పురాణాల్లో అశ్వత్థామకు నింద తెచ్చిన ఆ పని ఇక్కడ మామూలు యుద్ధనీతి.

మా వాడి చిక్కు ఇంకొకటి ఉంది. వాడిని ఆటలోకి దింపినది జర్మనీలో చదువుకుంటున్న పరిచయస్థుల అబ్బాయి. వాళ్ళ తెగలో మిగిలిన వారందరూ ఐరోపా వాళ్ళే. శీతాకాలంలో జర్మనీ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ రాత్రి తొమ్మిది గంటలకు పోరు వేడెక్కేసరికి ఇక్కడ ఒంటిగంటన్నర. వాళ్ళు అర్ధరాత్రి పడుకునేసరికి మనకు తెల్లవారుజాము నాలుగున్నర. అప్పుడు కోటకు కాపలా ఎవరు? భారతదేశంలో ఉన్నవాడు! వాడు రెండింటికి పడుకుని, నాలుగున్నరకు అలారం పెట్టుకుని లేస్తున్నాడు.

పైగా పిల్ల జంతువుల పోషణ ఒకటి. ఆట తయారుచేసినవారు నిర్ణయించిన సహజ వేగంలో టైరనోసార్ పిల్ల పెరిగి పెద్దదవడానికి దాదాపు 3 రోజుల 20 గంటలు పడుతుంది. ఇవి ఆటలోని గంటలు కావు, మన గోడ గడియారపు గంటలు. జైగనోటోసార్ అయితే 10 రోజులు దాటుతుంది. తొలి దశలో పిల్ల తొట్టిలోది తినదు, దగ్గరుండి మేపాలి. సుమారు 8 గంటలకొకసారి అది లాలన కోరుతుంది; లాలించిన వాడికే పెద్దయ్యాక యుద్ధంలో ఎక్కువ బలమిస్తుంది. మా నవజాత శిశువుల వార్డులో నర్సులకు షిఫ్టులుండేవి. వీడికి అదీ లేదు.

ఇక శరీరం సంగతి. 13 నుండి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ సిఫారసు. ఈ వయసులో మెదడులో మెలటోనిన్ స్రావం సహజంగానే ఆలస్యమవుతుంది. తెర వెలుగు దానిని మరింత వెనక్కు నెడుతుంది. పగలు చదివినది నిలకడగా జ్ఞాపకంలోకి చేరేది నిద్రలోనే. ఒకనాడు దాడి ముగిసిన మరుక్షణం వాడి నాడి పట్టి చూశాను: నిమిషానికి 116. అంత ఉద్రేకంలో ఉన్న శరీరాన్ని పక్క మీద పడేసి నిద్రపొమ్మంటే ఎలా పోతుంది?

ఆట మానెయ్యమని నేను అనలేదు. ఒంటరిగా ఆడే పద్ధతి ఉంది. అందులో కంప్యూటర్ కట్టేస్తే ద్వీపం కూడా ఆగిపోతుంది, పిల్లలు పెరిగే వేగాన్ని మనమే పెంచుకోవచ్చు. యజమాని లేనప్పుడు కోటపై దాడిని నిషేధించిన సర్వర్లూ ఉన్నాయి. ఇవి చెబితే వాడు, “ఎవరూ లేని చోట గెలిస్తే ఏముంది తాతయ్యా? అయినా నేను పడుకుంటే వాళ్ళందరిదీ పోతుంది” అన్నాడు. ఈ రెండో మాటను మీరు తేలికగా తీసుకోకండి. పిల్లలను తెర ముందు కట్టిపడేసేది చాలాసార్లు ఈ బాధ్యతే. అక్కడ వాడిని నమ్ముకున్న మనుషులున్నారు. పెద్దలు ప్లగ్గు పీకేస్తే వాడు వారి ఎదుట మాట తప్పినవాడవుతాడు.

అందుకని వాడి చేతనే తెగవారికి చెప్పించాము: ఇకపై శనివారం రాత్రి మాత్రమే వస్తాను, కాపలా నా వల్ల కాదు అని. వాళ్ళు పెద్దగా నొచ్చుకోలేదు. రెండు వారాలకు, ఒక మంగళవారం తెల్లవారుజామున కోట కూలిపోయింది. వాడు నాలుగు రోజులు పెంచిన టైరనోసార్ కూడా చచ్చిపోయింది. కాలేజీకి బయలుదేరే ముందు ఫోనులో ఆ వార్త చూసి, మాట్లాడకుండా ఇడ్లీ పళ్ళెం ముందు చాలాసేపు కూర్చున్నాడు. నేను ఓదార్చబోలేదు, ఆ దుఃఖం నిజమైనదే. సాయంత్రం జర్మనీ అబ్బాయి ఫోన్ చేస్తే ఇద్దరూ గంటసేపు దానిని తలచుకున్నారు. ఆ రాత్రి పదకొండింటికి దీపం ఆర్పేశాడు.

మా వాడిది వ్యాధి కాదు, నిద్రలేమి. అందరిదీ అలాగే ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనానికి స్థానమిచ్చింది. ఆటపై అదుపు తప్పడం, మిగిలిన జీవితం కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్ళెదుట కనబడుతున్నా కొనసాగించడం, ఇవన్నీ సాధారణంగా ఏడాది పాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగనక్కరలేదు. అటువంటి అనుమానం ఉంటే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో దీనికోసమే ఒక ప్రత్యేక క్లినిక్ ఉంది. అంత దూరం వెళ్ళలేనివారు కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.