జీర్ణోద్ధరణ ధర్మం

సాధనచతుష్టయంలో ప్రథమమైనది నిత్యానిత్యవస్తువివేకం. దృశ్యమానమైన సమస్తమూ నశించేదేనని గ్రహించడం ఆ వివేకానికి ఆరంభం. అయితే ఈ గ్రహింపు వెంటే ఒక ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. "ఎలాగూ పోయేదానికి సేవ ఎందుకు?" అనే ఉదాసీనత వైరాగ్యవేషంలో హృదయంలో ప్రవేశిస్తుంది.

దివిసీమకు చెందిన ఒక వృద్ధ సాధకులు అనేక సంవత్సరాలు ఈ ఉదాసీనతలోనే గడిపారు. 1977 నవంబరు 19న, కార్తిక శుక్లపక్షంలో, ఉప్పెన ఆయన జన్మగృహాన్నీ తల్లిదండ్రులనూ ఒక్క పూటలో హరించింది. అధికారిక గణన ప్రకారమే సుమారు 10,000 మందిని బలిగొన్న విపత్తు అది. అటుపిమ్మట ఆయన ఇంటిగోడ బీటవారినా పూయించలేదు. శివాలయం మరమ్మతుకు ఊరివారు పిలిచినా వెళ్లలేదు. చివరకు తల్లిదండ్రుల ఆబ్దికం సైతం మానివేశారు. "అన్నీ నీటిమీది రాతలే" అనేవారు.

దివిసీమకు రైలుమార్గం లేదు. రైలెక్కాలంటే బందరుకో, కృష్ణ దాటి రేపల్లెకో పోవలసిందే. బాల్యంలో బందరు స్టేషనులో రైలును చూడడం ఆయనకు తీర్థయాత్రతో సమానం. ఆ ముచ్చట ఒక్కటే ఉప్పెనకు కొట్టుకుపోలేదు. అందుకే హైదరాబాదులోని కుమారుని ఇంటికి వెళ్లినప్పుడు కాచిగూడ స్టేషనును ప్రత్యేకంగా చూడబోయారు.

1916లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో నిర్మితమైన భవనమది. మధ్య గుమ్మటం, ఇరుప్రక్కలా చిన్న గుమ్మటాలు, మినార్లు. 1948లో నిజాం రాజ్యం భారతదేశంలో విలీనమైంది. మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. ఆవిరి యంత్రాలు అంతరించాయి. భవనం మాత్రం నేటికీ ప్రయాణికులతో సజీవంగా ఉంది.

అక్కడ నిచ్చెనపై నిలిచి ఒక పనివాడు పెచ్చులూడిన గోడను పూస్తున్నాడు.

"ఎన్నాళ్లుంటుంది నాయనా ఈ పూత?" అని అడిగారు వృద్ధులు.

"రెండు మూడు వానకాలాలు ఉంటది పెద్దాయనా. పోయినంక మళ్ల ఏస్తం."

ఆ మాటలో దుఃఖం లేదు, నిర్లక్ష్యమూ లేదు. పూత అనిత్యమని తెలిసే అతడు శ్రద్ధగా పూస్తున్నాడు. ఆ భవనం నిత్యమైనది గనుక నిలవలేదు. నూరేళ్లకు పైగా ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ పూసినందువల్ల నిలిచింది. వృద్ధులు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. ఆ ఏటి కార్తికంలో, ఎన్నో ఏళ్ల తరువాత, తల్లిదండ్రులకు ఆబ్దికం పెట్టారు.

శిలాలయం కూడా శిథిలమవుతుందని ఆగమాలకు తెలుసు. కనుకనే అవి ప్రతిష్ఠతో ఆగక జీర్ణోద్ధరణకూ విధిని ఏర్పరచాయి. కర్మఫలంపై ఆసక్తి కూడదన్న గీతాచార్యుడే కర్మను మానడంపైనా ఆసక్తి కూడదన్నాడు. అనిత్యమని తెలియడం వివేకం. అట్లు తెలిసి కూడా, తన వంతుకు వచ్చినదానిని మమకారం లేకుండా కాపాడి తరువాతివారికి అప్పగించడం ధర్మం. వివేకం ధర్మాన్ని విడిపించదు. దానిని నిర్మలం చేస్తుంది.