టొరంటోలో తులసి

కెనడాదేశమందలి టొరంటోనగరము ఒంటారియో సరస్సుతీరమున నున్నది. ఇచ్చటికి వచ్చిన తొలియేడు తులసిని పెరటిలో నాటితిని. ఆశ్వయుజమున నొకరాత్రి మంచు పట్టగా, తెల్లవారుసరికి ఆకులన్నియు నల్లబడెను. దీపము చేతబట్టుకొని చాలసేపు మొక్కయొద్దనే నిలిచితిని.

పొరుగింటి వృద్ధురాలు నాకు క్రమము తెలిపెను. విక్టోరియా పండుగ, అనగా మే 25కు ముందువచ్చు సోమవారము, గడచువఱకు లేతమొక్కలను బయట నాటరాదు. పుదీనా వేళ్లు మంచుక్రింద నిద్రించి వసంతమున మరల చిగిర్చును. కాని నలుదెసల ప్రాకును గావున తొట్టిలోనే పెంచవలెను. తులసిని, కరివేపను సెప్టెంబరులోనే దక్షిణపు కిటికీయొద్దకు చేర్చి, పైమన్ను ఆరిన పిమ్మటనే నీరు పోయవలెను.

నేడు వెలుపల మోకాలిలోతు మంచు. లోపల తులసి పచ్చగా నున్నది. చలిసీమల కేగు సోదరీమణులు ఈ క్రమము నెఱింగినచో నావలె దుఃఖింప నక్కఱలేదు.