మందా, ఆహారమా?

గత సంవత్సరము మా మేనత్తగారు స్నానపుగదిలో జారిపడి తుంటియెముక విరుగగా, నాచారములోని మా యింటినుండి ఉప్పలులోని యొక ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. కాని ఆమె నానాటికి క్షీణింపసాగెను. చిన్ననాటనే భర్తను గోల్పోయిన యామెకు ఏకభుక్తము ఏబదియేండ్ల యలవాటు. ఆసుపత్రివారి పళ్లెము వచ్చినది వచ్చినట్లే తిరిగిపోవుచుండెను. మాత్ర లిచ్చిన వేళ వ్రాసికొనెడి నర్సు, పళ్లెములో నెంత మిగిలెనో వ్రాసికొనలేదు. ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు లేదు. ప్రక్కనే కూర్చున్న నేనును గమనింపలేదు గదా! పైగా "లంఖణం పరమౌషధం" అని బడిలో పిల్లలకు బోధించినవాడను.

నాలుగవనాడు వైద్యుడు ఆమె చేతి చుట్టుకొలత చూచి, మాంసకృత్తులు మెండుగాగల యొక పొడిని వ్రాసి, దినమునకు రెండు గ్లాసులు కలిపి యిమ్మనెను. డబ్బా కొని తెచ్చి బల్లమీద నుంచితిమి. రెండుదినములు అది యచ్చటనే యుండెను. "అది పసివాండ్రు త్రాగెడిదిరా నాయనా, మనుమనికి దాచిపెట్టు. రాత్రిపూట ఆహారము నే నెన్నడైన ముట్టితినా?" అని అత్తయ్య వాదము.

మరునాడు క్రొత్తగా వచ్చిన యొక నర్సు ఆ పొడిని కలిపి, చిన్న గిన్నెలో మాత్రలతోపాటు తెచ్చెను. "ఇది మందా, ఆహారమా?" అని అత్తయ్య యడిగెను. "మందేనమ్మా" అని ఆ పిల్ల దగ్గర నిలుచుండి త్రాగించి, మాత్రల కాగితముపైననే గుర్తు పెట్టుకొనెను. ఇట్లు దినమునకు నాలుగు తడవలుగా రెండు గ్లాసులును చెల్లిపోయెను.

ఆమె చెప్పినది అబద్ధమా? అన్నమును సర్వౌషధమని తైత్తిరీయోపనిషత్తు ఏనాడో పేర్కొన్నది. 2019లో ప్రకటితమైన స్విట్జర్లాండు పరిశోధన యొకటి కలదు. ఎనిమిది ఆసుపత్రులలో, పోషణ కొరవడు ప్రమాదముగల రెండువేలకు పైబడిన రోగులను పరిశీలించిరి. ఒక్కొక్కరికి దగిన యాహారమును, అవసరమైనచో ఇట్టి పానీయములను ఇచ్చిన వర్గములో నెలదినములలో మరణములు నూటికి 7. మామూలు భోజనము పెట్టిన వర్గములో 10.

మా నాచారమునకు దాపుననే తార్నాకలో, 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ యున్నది. కృశించిన బిడ్డలకై గోధుమ, సెనగపప్పు, వేరుసెనగ, బెల్లములతో "హైదరాబాదు మిశ్రమము"ను రూపొందించిన దదియే. ఇంటి దినుసులతోనే యింత చేయవచ్చును. అయితే దేనినైనను దగ్గరుండి త్రాగింపవలెను, త్రాగినది వ్రాసికొనవలెను. బహుదినములు పస్తున్నవారికి ఒక్కసారిగా పెట్టుట ప్రాణాపాయము. మధుమేహము, మూత్రపిండవ్యాధి కలవారి విషయమున వైద్యుని యడిగి తీరవలెను.

సోదరీమణులారా, మీ యింట ఒంటిపూట తిను వృద్ధురాలు లేదా? రోగము వచ్చువరకు ఆమె పళ్లెమువంక మన మేల చూడము?

అత్తయ్య యిప్పుడు కఱ్ఱసాయమున నడచుచున్నది. రాత్రి భోజనమును గూడ "మందు" అనియే పిలుచుచున్నది. ఆ మాటను నేను దిద్దుట లేదు.