దాదీమా గది

మదనపల్లెలోని మా పాత మిద్దె ఇంట్లో ఒక గదిని నేటికీ దాదీమా గది అనే పిలుస్తాము. దాదీమా అందులోనే నమాజు చేసుకునేవారు. అందులోనే వీధి పిల్లలను కూర్చోబెట్టి అలిఫ్, బే నేర్పేవారు. నేను అక్షరాలు దిద్దుకున్నదీ అక్కడే.

ఆమె గతించిన తరువాత ఆ గదికి నేనొక అపచారం చేశాను. గోడల సున్నపు గార అక్కడక్కడ రాలుతున్నదని, దానినంతా చెక్కించి సిమెంటు పూయించాను. పైన నిగనిగలాడే ఎనామిల్ రంగు వేయించాను. చూసిన వారందరూ మెచ్చుకున్నారు. మూడు వర్షాకాలాలు గడిచేసరికి రంగు పొక్కులు లేచింది. గోడ అడుగున చౌడు పూసింది. పుస్తకాలకు బూజు పట్టింది. ఇక కూల్చి కొత్తగా కట్టుకోవడమే మేలని భాయీజాన్ తీర్మానించారు. నేను కాదనలేకపోయాను.

ఆ వేసవిలోనే విద్యార్థులతో కలిసి హార్స్లీ కొండలకు వెళ్ళాను. పూర్వం దానిని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. ఎత్తు 4,000 అడుగులకు పైమాటే. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్లీ వేసవి విడిదికై అక్కడ బంగళా కట్టించుకోవడంతో కొండకు ఆయన పేరు వచ్చింది. ఆ బంగళా నేటికీ నిలిచే ఉంది. మంచుకూ గాలివానకూ ఎదురొడ్డి అది నూరేళ్ళకు పైగా నిలువగా, ఊరి నడుమ ఉన్న మా గది మూడేళ్ళకే ఎందుకు చెడింది? ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

కొండ దిగివచ్చి, గార పని తెలిసిన ఒక వృద్ధ మేస్త్రీని వెతికి పిలిపించాను. ఆయన గోడను అరచేతితో తడిమి, "గోడకు చెమట పడుతుంది నాయనా. అది ఆరే దారి లేకుండా నువ్వే మూసేశావు" అన్నారు.

మన దేశంలో సిమెంటు తయారీ 1904లో మద్రాసులో మొదలైంది. అంతకు పూర్వపు పాత ఇళ్ళు చాలావరకు రాయి, మట్టి, సున్నముతో కట్టినవే. నేలలోని తేమ గోడ గుండా పైకి ఎక్కుతుంది. సున్నపు గార ఆ తేమను బయటికి వదులుతుంది. సిమెంటు, ఎనామిల్ రంగు లోపలే బంధిస్తాయి. గార రాలడం గోడకు వచ్చిన రోగమని నేను అనుకున్నాను. నిజానికి అది తాను అరిగిపోతూ గోడను కాపాడుతున్నది.

కూల్చే ఆలోచన మానుకొని పని మొదలుపెట్టాము. ముందుగా ఇంటి వెలుపల గోడ మొదట పేరుకున్న మట్టిని తవ్వి, మిద్దె మీది వాననీరు పోవడానికి కాలువ తీశాము. సిమెంటును ఉలితో చెక్కించి రెండు నెలలు గోడను ఊరక ఆరనిచ్చాము. మాగిన సున్నములో ఇసుక చేర్చి నూరి, కరక్కాయ, బెల్లము నానిన నీటితో కలిపి, పలుచని పూతలుగా వేశారు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా గట్టిపడుతుంది. మనము తొందరించినా అది తొందరపడదు. చివరకు నీలిమందు చిటికెడు కలిపి వెల్ల వేశారు.

దీపపు గూటికి నాడు సిమెంటు పూయలేదు, రంగు మాత్రమే వేశారు. ఆ రంగు గీకగా అడుగున పాత మసి బయటపడింది. "తుడిచేయమంటావా?" అని మేస్త్రీ అడిగారు. ఆ దీపపు వెలుగులోనే నేను చదువు నేర్చాను. వద్దన్నాను.

1919లో విశ్వకవి రవీంద్రనాథ టాగూరు మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో జనగణమన గీతాన్ని ఆంగ్లములోకి అనువదించారు. మా ఊరు అందుకు గర్విస్తుంది, గర్వించదగినదే. అయితే విద్యార్థి మిత్రులారా, పేరు లేని గురువులు అక్షరం నేర్పిన గదులు కూడా మన వీధులలో ఉన్నాయి. వాటి గోడలకు శిలాఫలకాలు ఉండవు. వాటిని ఎరిగినవారే కాపాడుకోవాలి.

ఇప్పుడు సాయంకాలాలు ఆ గదిలో నలుగురైదుగురు పిల్లలు కూర్చుంటారు. నా సోదరి ఉర్దూ చెబుతుంది, నేను తెలుగు చెబుతాను. నిరుడు వానల తరువాత గోడ అడుగున కొంచెం గార రాలింది. ఈసారి నేను కంగారుపడలేదు. ఒక చిప్పెడు సున్నము కలిపి, నా చేతులతో నేనే పూశాను.